మబ్బుకి అడుగుంటుంది

కృష్ణా డెల్టాలో ఏ పిల్లవాడి చేతికైనా తెల్లకాగితం ఇచ్చి "సీనరీ వెయ్యి" అనండి. ముందు రెండు కొండలు వేస్తాడు. వాటి మధ్య నుంచి సగం సూర్యుడు, వంకరలు తిరుగుతూ దిగే ఏరు, ఒడ్డున ఒక కొబ్బరిచెట్టు, ఒక పెంకుటిల్లు. పైన కాస్త చోటు మిగిలితే నీలం స్కెచ్‌పెన్నుతో మూడు మూపుల మబ్బొకటి. విజయవాడ పిల్లలు ఇలా వేశారంటే సరేననుకోవచ్చు. ఒడ్డున ఇంద్రకీలాద్రి, అవతల సీతానగరం కొండ, నడుమ కృష్ణ రోజూ కళ్ళబడేవే. కానీ అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు పిల్లలూ ఇవే రెండు కొండలు వేస్తారు. ఆ ఊళ్ళలో కరకట్టను మించిన ఎత్తు లేదు. చూడని కొండలకు కాగితంలో సగం ఇచ్చి, రోజూ నెత్తిమీదుండే ఆకాశానికి బెత్తెడు చోటు కూడా మిగల్చరు.

బల్లపరుపు నేల మీద ఆకాశానికి అడ్డుండదు. దివిసీమలో కరకట్టెక్కి నిలబడితే నేల, చేలు, తాడిచెట్ల వరస అన్నీ కలిపి కంటి ముందు సన్నటి పట్టీ మాత్రమే. మిగిలినదంతా ఆకాశం. మధ్యాహ్నం అయ్యేసరికి అందులో లేచే మబ్బులకు శిఖరాలుంటాయి, లోయలుంటాయి, ఎండ పడే ముఖం, నీడ పడే ముఖం ఉంటాయి. అవి చేల మీదుగా నడుస్తుంటే వెలుగూ నీడా ఊరు మారతాయి. డెల్టా పిల్లలకు దక్కిన కొండలు ఇవే. వీటిని చూడటం మనం నేర్పలేదు కాబట్టి వాళ్ళు పుస్తకంలోని కొండలు తెచ్చుకుంటున్నారు.

బడిలో మబ్బు పాఠం లేకపోలేదు. సైన్సు పుస్తకంలో జలచక్రం బొమ్మ ఉంటుంది: సముద్రం నుంచి పైకొక బాణం, మబ్బు నుంచి కిందికొక బాణం, పక్కన బాష్పీభవనం, సాంద్రీకరణం అన్న మాటలు. డ్రాయింగు పీరియడ్‌లో మబ్బుకు గీత గీసి లోపల లేత నీలం నింపుతారు. రెండు పీరియడ్లలోనూ మబ్బు కాగితం మీదే ఉంటుంది. కిటికీ అవతల అసలుది వెళ్ళిపోతున్నా ఎవరూ తలెత్తరు. మబ్బును సైన్సుగానూ బొమ్మగానూ ఒకే పూట, ఒకే డాబా మీద పిల్లలకు చెప్పాలని నా గట్టి నమ్మకం. వేరువేరుగా చెప్పినప్పుడు రెండూ సగం సగమే మిగులుతాయి.

నిజానికి డెల్టాలో మబ్బు ప్రతి ఇంటి వ్యవహారం. కైకలూరు చెరువుల మీద మబ్బు పట్టిందంటే రైతు మేత తగ్గించి ఏరేటర్లు తిప్పుతాడు. ఎండ లేని రోజు నీళ్ళలోని సన్నటి నాచు చాలినంత ఆక్సిజన్ చేయలేదు, తెల్లవారుజాముకు రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. కోసిన వరి పనల మీదున్నప్పుడు తూర్పున మబ్బు లేస్తే ఊళ్ళో ఎవరికీ కంటిమీద కునుకుండదు. పెడనలో కలంకారీ అద్దేవాళ్ళకు ఎండే సగం పనివాడు. కరక్కాయ కషాయంలో ముంచిన గుడ్డ ఆరాలి, పటిక అద్దకం ఆరాలి, ఉడకబెట్టిన గుడ్డను కాలవలో జాడించి ఎండలో పరిస్తేనే రంగు తేటపడుతుంది. విజయవాడలో వేసవొస్తే డాబాల మీద వడియాలుంటాయి. "ఒరేయ్, మబ్బేసింది, పైకెళ్ళి బట్టలు తియ్యి" అన్న కేక వినకుండా పెరిగిన పిల్లలు మన దగ్గర లేరు.

అంటే మబ్బుతో పిల్లలకు పరిచయం ముందే ఉంది. మబ్బు మంచిదో చెడ్డదో, వాన వస్తుందో రాదో వాళ్ళకి ఇంట్లోనే తెలుస్తుంది. అది ఎలా ఉంది, ఎందుకలా ఉంది అని మాత్రం వాళ్ళనెవరూ అడగరు.

మా పటమటలో ఆదివారం సాయంత్రాలు ఇరుగుపొరుగు పిల్లలు మా డాబా మీద చేరతారు. చేరగానే రంగులివ్వను. పెన్సిలూ కాగితం ఇచ్చి మబ్బు అడుగు మాత్రమే గీయమంటాను. మబ్బు పైభాగం నిమిషానికో తీరుగా మారిపోతుంది, పెద్దవాళ్ళ చెయ్యి కూడా దాన్ని పట్టుకోలేదు. అడుగు అలా కాదు, కాస్త ఓపిక పడితే కుదురుగా నిలుస్తుంది. మొదట్లో పిల్లలు నమ్మరు. "మబ్బుకి అడుగేంటి మాస్టారూ?" అని నవ్వుతారు. వాళ్ళు అంతవరకు వేసిన మబ్బులకు చుట్టూ మూపులే, కిందా మూపులే. కాసేపు చూశాక ఎవరో ఒకరు అరుస్తారు: "దీని అడుగు కత్తితో కోసేసినట్టుంది!" పక్కవాడు ఇంకో మబ్బు చూపిస్తాడు, దాని అడుగూ చదునే. తర్వాత ఒక పిల్ల అసలు సంగతి పట్టేస్తుంది: "అన్నిటి అడుగులూ ఒకే ఎత్తులో ఉన్నాయి మాస్టారూ."

ఇప్పుడు "ఎందుకు?" అని నేను అడగక్కర్లేదు. వాళ్ళే అడుగుతారు. పెన్సిలుతో గీసిన గీతలోంచి పుట్టిన ప్రశ్న కాబట్టి అది వాళ్ళ సొంత ప్రశ్న. జవాబు దొరికేదాకా వదలరు.

జవాబు స్టీలు గ్లాసులో ఉంది. గ్లాసులో సగానికి నీళ్ళు పోసి, బడి ల్యాబులో వాడే థర్మామీటరు ముంచాలి. జ్వరం చూసేది పనికిరాదు, దాని అంకెలు 35 దగ్గరే మొదలవుతాయి. ఐసు ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ మెల్లగా కలపాలి. ఒక పిల్లవాడు కలుపుతాడు, ఒకడు థర్మామీటరు చదువుతాడు, ఇంకొకరు గ్లాసు వెలుపల వేలితో రాస్తూ ఉంటారు. కాసేపటికి మెరిసే స్టీలు మసకబారుతుంది, వేలు రాసిన చోట చార కనబడుతుంది. ఆ క్షణాన ఎంతుందో చూసి రాసుకోవాలి. గాలిలోని ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత అదే, వాతావరణ శాఖవాళ్ళు డ్యూ పాయింట్ అంటారు.

ఈ తడి ఎక్కడిదంటే సగం మంది పిల్లలు గ్లాసులోంచి ఊరిందంటారు. పుస్తకం తెరిచి కాదని చెప్పడం తేలిక, కానీ పక్కనే రంగుల పెట్టె ఉంది కదా. కుంచెతో ఎర్రరంగు తీసి గ్లాసులోని నీళ్ళలో కలిపేయమంటాను. లోపల నీళ్ళు ఎర్రబడతాయి. వెలుపలి తడిని తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డకు ఎరుపు అంటదు. తడి బయటి గాలిలోంచే వచ్చిందని ఆ తెల్లగుడ్డ చూశాక ఎవరూ వాదించరు.

ఇక లెక్క. నీడలో గాలి ఉష్ణోగ్రత 36 డిగ్రీలు, గ్లాసు మసకబారింది 26 దగ్గర, తేడా 10. ఎండకు కాగిన నేల మీది గాలి పైకి లేస్తుంది. లేచినకొద్దీ వ్యాకోచించి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. డ్యూ పాయింట్ కూడా పైకి పోయేకొద్దీ కిలోమీటరుకు 2 డిగ్రీల దాకా తగ్గుతుంది. కాబట్టి రెండిటి మధ్య ఎడం కిలోమీటరుకు 8 డిగ్రీలు తరుగుతుంది, డిగ్రీకి 125 మీటర్లన్నమాట. మన 10 డిగ్రీల తేడా 1,250 మీటర్ల ఎత్తున తీరిపోతుంది. మబ్బు అడుగు అక్కడ! ఆ ఎత్తు పిల్లల మనసుకు అందాలంటే మనకు తెలిసిన కొలత కావాలి. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. బ్యారేజీని ఈ చివర పట్టుకుని నిటారుగా నిలబెడితే ఆ పై కొన ఇంచుమించు మబ్బు అడుగును తాకుతుంది. ఇది విన్నాక ప్రతి పిల్లా పిల్లవాడూ మెడ వెనక్కి వంచి ఆకాశంలోకి చూడటం నాకెంతో ఇష్టం.

చుట్టుపక్కల గాలి అంతా కొంచెం అటూ ఇటూగా ఒకే వేడిలో, ఒకే తేమలో ఉంటుంది కాబట్టి అన్ని మబ్బులూ దాదాపు ఒకే ఎత్తున మొదలవుతాయి. చదును అడుగుల రహస్యం ఇంతే. ఈ సంగతి తెలిశాక మళ్ళీ కాగితం దగ్గరికి వస్తే బొమ్మ మారిపోతుంది. అన్నిటి అడుగులూ ఒకే ఎత్తులో ఉంటే, నెత్తిమీదున్న మబ్బు అడుగు వెడల్పుగా కనిపించాలి. దూరం వెళ్ళేకొద్దీ అడుగులు సన్నబడి, దగ్గరై, దిగంతం దగ్గర గీతలుగా మిగలాలి. తలెత్తి చూస్తే సరిగ్గా అలాగే ఉంటుంది. పర్‌స్పెక్టివ్ అన్న మాట చెప్పకుండానే పిల్లల కాగితంలోకి మైళ్ళ దూరం వచ్చేస్తుంది. బొమ్మ ప్రశ్న పుట్టించింది, సైన్సు జవాబు చెప్పింది, ఆ జవాబు తిరిగొచ్చి బొమ్మను బాగుచేసింది. రెండిటినీ కలిపి చెప్పాలనడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రంగుల దగ్గరా ఇదే వరస. వాటర్ కలర్‌లో తెల్లమబ్బుకు తెల్లరంగు వేయం. కాగితం తెలుపు వదిలేసి చుట్టూ ఆకాశాన్ని వేస్తాం. మబ్బు తెల్లగా ఎందుకుందో చెప్పడానికి అదే అదను. మబ్బులో ఉన్నవి మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉండే నీటి బిందువులు. అవి ఏడు రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి, అన్నీ కలిసి కంటికి తెలుపవుతాయి. ఆకాశాన్ని నీలం చేసే గాలి అణువులు అంతకన్నా ఎన్నో రెట్లు చిన్నవి, అవి నీలాన్నే ఎక్కువగా చెదరగొడతాయి. తర్వాత నీడ. నీడ వేయమంటే పిల్లల చెయ్యి నేరుగా నల్లరంగు మీదికి పోతుంది. నల్ల బిళ్ళ తీసి పక్కన పెట్టి, అల్ట్రామెరైన్ నీలంలో కొద్దిగా బర్న్ట్ సియెన్నా కలపమంటాను. ఆ రెండూ కలిసి పుట్టే బూడిదరంగులో ప్రాణముంటుంది. నీలం ఎక్కువైతే దూరపు మబ్బు, గోధుమ ఎక్కువైతే వాన మబ్బు. మబ్బు అడుగున నలుపు అనేదే లేదు, ఉన్నవి అవే తెల్లటి బిందువులు. పైనుంచి పడ్డ వెలుగులో ఎక్కువ భాగం పైకీ పక్కలకీ చెదిరిపోయి అడుగుదాకా వచ్చేది తక్కువ. మబ్బు ఎంత మందమైతే అడుగు అంత ముదురు. ఈ ఒక్క ముక్క తెలిసిన పిల్లవాడు కారుమబ్బును చూసి దాని మందం అంచనా కట్టగలడు.

బరువూ వాళ్ళనే లెక్కకట్టమంటాను. కిలోమీటరు పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉన్న మామూలు తెల్లమబ్బులో ఘనపు మీటరుకు అర గ్రాము నీరుందనుకుంటే మొత్తం 5 లక్షల కిలోలు. అంత బరువు కింద పడదేమని అడుగుతారు. ఒక్కో బిందువు దిగే వేగం సెకనుకు సెంటీమీటరు దగ్గర్లో ఉంటుంది, కింది నుంచి లేచే గాలి అంతకన్నా జోరుగా వస్తుంది. మరి వాన ఎలా పడుతుంది? 2 మిల్లీమీటర్ల వానచుక్క కావాలంటే అలాంటి బిందువులు 10 లక్షలు ఒకటి కావాలి. అడ్డుకొలతలో నూరు రెట్లు, నీటిలో పది లక్షల రెట్లు అని ఆరో తరగతి పిల్లలు వాళ్ళంతట వాళ్ళే తేల్చుకుంటారు.

మబ్బును చేసి చూపించడానికి ఖాళీ వాటర్ బాటిల్ చాలు. అడుగున కాసిని గోరువెచ్చటి నీళ్ళు పోసి, మూత బిగించి, గట్టిగా నొక్కి వదిలితే ఏమీ కనబడదు. మూత తీసి అగరుబత్తి పొగ కొంచెం లోపలికి పోనిచ్చి, మళ్ళీ బిగించి నొక్కి వదలండి. సీసాలో తెల్లగా మబ్బు కమ్ముతుంది, నొక్కితే మాయమవుతుంది, వదిలితే మళ్ళీ వస్తుంది. ఆవిరి నీరు కావడానికి పట్టుకునే రేణువు ఒకటుండాలి. స్కాట్లండ్ శాస్త్రవేత్త జాన్ ఐట్‌కెన్ 1880లలో ధూళి మీద ఇలాంటి ప్రయోగాలు చేసి ఈ సంగతి స్థిరపరిచాడు. కాళిదాసు మేఘసందేశంలో మేఘాన్ని తయారుచేసే పదార్థాల్లో నీటితో, గాలితో, వెలుగుతో పాటు పొగనూ లెక్కపెట్టాడు. ఆ పద్యం చదివే వయసుకు వచ్చినప్పుడు ఈ పిల్లలకు సీసా గుర్తుకొస్తే కావ్యం వాళ్ళకు మరింత దగ్గరవుతుంది.

మబ్బులను వాళ్ళ దగ్గరకు రప్పించే చోట్లు ఊరి చుట్టూ ఉన్నాయి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం దగ్గర పొగ గొట్టాలూ కూలింగ్ టవర్లూ రెండూ కనిపిస్తాయి. గొట్టంలోంచి వచ్చేది పొగ, టవర్ల మీద తేలేది నీటి బిందువులు. మనుషుల పనుల వల్ల పుట్టే ఇలాంటి మబ్బులకు ప్రపంచ వాతావరణ సంస్థ 2017లో తన మేఘాల అట్లాసులో ప్రత్యేకంగా పేరు పెట్టింది. చాలా ఎత్తున పోయే విమానం వెనక గీసే తెల్లచారనూ అందులోనే చేర్చింది. మన పిల్లలు దాన్ని చూసి "రాకెట్ పోయింది" అంటారు. ఇంజిను వదిలిన ఆవిరి అంత చలిలో మంచుపలుకులైందని చెబితే చాలు. ఇక సంక్రాంతి ముందు తెల్లవారుజామున బందరు కాలవ గట్టున మబ్బే నేలమీదికి దిగుతుంది. పొగమంచు అంటే నేలను తాకిన మబ్బు. అందులో నడిచి చొక్కా చెమ్మగిల్లిన పిల్లవాడికి మబ్బు లోపల ఎలా ఉంటుందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

సైన్సూ చిత్రకళా మబ్బు దగ్గర చెయ్యి కలపడం ఎప్పటినుంచో ఉంది. మబ్బులకు మనం ఇవాళ వాడే సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్, నింబస్ అన్న పేర్లు పెట్టినవాడు ల్యూక్ హోవార్డ్. 1802 డిసెంబరులో లండన్‌లో ఒక చిన్న మిత్రమండలి ముందు ఆ ప్రసంగం చేశాడు. వృత్తికి మందులు తయారుచేసేవాడు, మబ్బులు చూడటం అతని ఇష్టం. రెండు దశాబ్దాలు తిరక్కుండానే జాన్ కాన్‌స్టబుల్ అనే చిత్రకారుడు 1821, 1822లలో హాంప్‌స్టెడ్ గుట్ట మీద నిలబడి మబ్బుల్నే పదేపదే వేశాడు. వాటిలో చాలా బొమ్మల వెనక తేదీ, వేళ, గాలి ఎటునుంచి వీస్తోందీ రాసిపెట్టాడు. అందుకే అవి బొమ్మలుగానూ నిలిచాయి, ఆ రోజు వాతావరణానికి సాక్ష్యంగానూ నిలిచాయి. 1896లో మొదటి అంతర్జాతీయ మేఘాల అట్లాసు అచ్చేసినప్పుడు ఫొటోలతో పాటు చిత్రకారులు వేసిన మేఘాల బొమ్మలూ అందులో చేర్చారు. మా పిల్లల కాగితాల వెనకా తేదీ, వేళ, గాలి, గ్లాసు మసకబారిన ఉష్ణోగ్రత రాయిస్తాను. ఆకాశాన్ని ఎనిమిది వాటాలు చేసి ఎన్ని వాటాలు మబ్బు కప్పిందో కూడా వేయిస్తాను. వాతావరణ కేంద్రాల్లో రాసేదీ ఈ ఎనిమిదో వంతుల లెక్కే.

కాన్‌స్టబుల్ కన్నా మన డెల్టాకు దగ్గర చుట్టం ఇంకొకడున్నాడు. పదిహేడో శతాబ్దపు హాలండ్ చిత్రకారుడు యాకోబ్ వాన్ రయిస్‌డాల్. హాలండ్ కూడా నదులు మేట వేసిన పల్లపు నేల, అక్కడా కొండల్లేవు. హార్లెమ్ పట్నాన్ని దూరం నుంచి చూపిస్తూ 1670లలో అతను వేసిన బొమ్మల్లో నేలకు మూడో వంతే ఇచ్చి మిగతాదంతా మబ్బులకు వదిలేశాడు. కింద మైదానంలో చలవకు పరిచిన నారబట్టల పొడుగాటి పట్టీలు కనిపిస్తాయి. మబ్బుల సందుల్లోంచి ఎండ వాటి మీద పడుతుంది. పెడనలో కాలవ పక్కన పరిచిన కలంకారీ గుడ్డలను చూసినవాళ్ళకు ఆ బొమ్మ పరాయిదనిపించదు. ఆ శతాబ్దం మొదట్లోనే డచ్చివర్తకులు బందరులో కోఠీ పెట్టుకుని మన అద్దకం బట్టలను ఓడలకెత్తారు. మన బట్ట వాళ్ళ దేశం వెళ్ళింది. కొండల్లేని నేలను ఎలా వేయాలో వాళ్ళ చిత్రకారుడి దగ్గర మనం నేర్చుకోవడంలో తప్పులేదు.

నేర్పిన చోటు మన బందరులోనూ ఉంది. కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో వడ్రంగం, నేత, యంత్రవిద్యలకూ చిత్రలేఖనానికీ ఒకే ప్రాంగణం. హిమాలయాల్లో తిరిగి వచ్చిన వంగ చిత్రకారుడు ప్రమోద్ కుమార్ చటర్జీ 1920లలో ఇక్కడ బొమ్మలు నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకున్న అడివి బాపిరాజు నవలాకారుడిగానూ చిత్రకారుడిగానూ పేరు పొంది, తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ బెంగాలు వాష్ పద్ధతిలో రంగు వేసిన కాగితాన్ని నీళ్ళలో ముంచి, అదనపు రంగును పోనిచ్చి, ఆరనిచ్చి, మళ్ళీ రంగు పూస్తారు. ఎన్ని ముంపులైతే అంత లోతు. అంచుల్లేని పల్చని ముసురు ఆకాశానికి ఇంతకన్నా తగిన పద్ధతి లేదు. తడి కాగితం మీద రంగు పాకుతుంది, ఆరిన కాగితం మీద అంచు నిలుస్తుంది. ఎప్పుడు ఆగాలో తెలియాలంటే కాగితంలోంచి నీరు ఎంత తొందరగా ఆవిరవుతోందో గమనించాలి. మే నెలలో క్షణాల్లో ఆరే కాగితం శ్రావణంలో ఎంతకీ ఆరదు. గాలిలో తేమ గురించి పిల్లలకు ఆ కాగితమే చెబుతుంది.

ఇవన్నీ ముచ్చట కోసమే చెప్పడం లేదు. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు విజయవాడ మీద పడింది. డైవర్షన్ కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్, చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ తర్వాత మా డాబాకు వచ్చిన అటువైపు పిల్లవాడొకడు కాగితం మొత్తం నల్లగా రుద్దేశాడు. "ఇదేంట్రా నాన్నా?" అంటే "మబ్బు" అన్నాడు. పక్కన కూర్చుని ఇద్దరం ఆకాశం చూశాం. ఆ రోజు నిజంగానే మూసుకొచ్చి ఉంది. ఇందులో అన్నిటికన్నా తెల్లటి చోటు ఎక్కడుందో వెతకమన్నాను. పడమర వైపు ఒక సన్నటి చీలిక చూపించాడు. ఆ తర్వాత అన్నిటికన్నా ముదురు చోటు చూపించాడు. రెండిటి మధ్య నాలుగు రకాల బూడిదరంగులు లెక్కపెట్టాం. ఇంకో కాగితం తీసుకుని ఆ నాలుగూ కలిపాడు. అతని భయాన్ని నేను కొట్టిపారేయలేదు, అది న్యాయమైన భయం. ఇంట్లోకి వచ్చిన నీరు మన నెత్తిమీది మబ్బొక్కటే కురిసింది కాదనీ, ఎగువన కురిసినదంతా వాగులు పోగేసుకుని తెచ్చిందనీ, గట్టు తెగిందనీ కూడా వేలితో నేలమీద గీసి చెప్పాను. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన భయానికి ఒక హద్దు ఏర్పడుతుంది.

డెల్టాలో ఈ చదువు ప్రాణాల లెక్క. 1864లో బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చేసిన ఉప్పెన వేల మందిని తీసుకుపోయాయి. ఇప్పుడు పైనుంచి ఇన్‌శాట్ ఉపగ్రహాలు చూస్తున్నాయి, మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ వానచుక్కలకు తగిలి వచ్చే తరంగాలతో గాలి వేగాన్ని పట్టేస్తోంది, హెచ్చరిక ఫోనుకే వస్తోంది. ఆ హెచ్చరికను నమ్మి కదలాలంటే ఆకాశంతో కాస్త పరిచయం ఉండాలి. మబ్బు వేసిన పిల్లలకు అది వస్తుంది. పెద్ద మబ్బు పైఅంచు గట్టి గీతలా ఉన్నంతసేపూ అక్కడున్నవి నీటి బిందువులు. ఆ అంచు చెదిరి పీచుగా మారిందంటే పైభాగం మంచుపలుకులవుతోంది, ఉరుములు మెరుపులు దగ్గర పడ్డాయి. అంచు గట్టిదా మెత్తదా అన్నది కుంచె పట్టినవాడు మొదట అడిగే ప్రశ్న. డాబా దిగిపోవాలా వద్దా అన్నదానికీ జవాబు అందులోనే ఉంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. లెక్క 30 లోపుంటే కాగితాలు వదిలేసైనా కిందికి రావాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ ఎక్కకూడదు. మా డాబా మీద ఈ ఒక్క నియమానికి మినహాయింపు లేదు.

బడులు ఇది చేయగలవు. డ్రాయింగు మాస్టారూ సైన్సు టీచరూ వారానికి ఒక పీరియడ్ కలిసి పంచుకుంటే సరిపోతుంది. కావలసిన సామాను ఒక స్టీలు గ్లాసు, ఒక థర్మామీటరు, నాలుగు రంగు బిళ్ళలు, ఆకాశం కనిపించే మైదానం. సంవత్సరాన్ని విడదీసుకోవడానికి కార్తెలున్నాయి. 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. కార్తెకొక బొమ్మ, వెనక కొలతలు. రోహిణిలో ఎండకు పొంగే మబ్బులు, వర్షాకాలంలో పడమటి గాలి తోలుకొచ్చే మబ్బులు, కార్తీకంలో సముద్రం మీంచి తూర్పుగా ఎక్కే మబ్బులు, పుష్యంలో నేలను తాకే మంచు అన్నీ అందులోకి వస్తాయి. ఏడాది తిరిగేసరికి ఆ తరగతికి తన ఊరి మేఘాల అట్లాసు తయారవుతుంది. పదేళ్ళు ఇలా పోగుచేసిన బడి దగ్గర ఆ ఊరి ఆకాశం ఎలా మారిందో చెప్పే దస్త్రం ఉంటుంది. రుతువులు గతి తప్పుతున్నాయని పెద్దలం వాపోతున్న కాలంలో పిల్లలు చేతులారా రాసిన అలాంటి దస్త్రానికి చాలా విలువుంది.

జూన్‌లో బడులు తెరిచేసరికి మృగశిర కార్తె నడుస్తూ ఉంటుంది. తొలకరి మబ్బులు కొత్తవి, నోటుపుస్తకాలూ కొత్తవి. మొదటి బొమ్మకు అంతకన్నా మంచి వారం దొరకదు.